పథకం పనిచేసిందా లేదా: ఆరోగ్య కార్యక్రమాల లెక్క ఎందుకు తేలదు

2013 మే నెలలో అమెరికాలో ఒక అధ్యయనం వెలువడింది. ఆదాయం తక్కువగా ఉన్నవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇస్తే రెండేళ్లలో వారి జీవితంలో ఏం మారిందో కొలిచిన పత్రం అది. వస్తూనే దాని మీద రెండు తీర్పులు వచ్చాయి. బీమా ఇచ్చినా ఆరోగ్యం బాగుపడదని తేలిపోయిందని కొందరు రాశారు. బీమా పేదలను నిలబెడుతుందని రుజువైందని మరికొందరు రాశారు. ఇరుపక్షాల చేతుల్లో ఉన్నది ఒకే పత్రం, ఒకే పట్టికలు. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఆరోగ్య పథకాల మీద నడిచే వాదనలు చాలావరకు ఇలాంటివే. అంకెలు చేతికి రాకముందే దారులు వేరవుతాయి. దేన్ని కొలిచారు, దేనితో పోల్చారు, ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు అన్న మూడింటిలో ఒక్కటి మారినా అదే పథకం ఒకచోట విజయంగా, ఇంకొకచోట వైఫల్యంగా కనిపిస్తుంది.

ముందు మాటల అర్థాలు విడదీసుకుందాం. మంజూరైన సొమ్ము మంజూరైన పనికే ఖర్చయిందా అని చూసేది ఆడిట్. అనుకున్న పని అనుకున్నట్టు సాగుతోందా అని నెలనెలా చూసేది పర్యవేక్షణ. మనుషుల ఆరోగ్యంలో వచ్చిన మార్పు ఆ పథకం వల్లే వచ్చిందా, వస్తే ఎంత, ఎవరికి, ఎంత ఖర్చుతో అని అడిగేది మూల్యాంకనం. మొదటి రెండింటిలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న పథకం మూడోదానిలో సున్నా తెచ్చుకోవచ్చు. లబ్ధిదారుల సంఖ్యను చూపి పథకం విజయవంతమైందని చేసే ప్రకటన పర్యవేక్షణ లెక్కను మూల్యాంకనంగా చెలామణీ చేయడమే.

మంచాలు, పని, ప్రాణాలు: మూడు అంతస్తుల కొలత

వైద్యం నాణ్యతను ఎలా కొలవాలన్న ప్రశ్నకు ఇప్పటికీ అందరూ వాడే చట్రాన్ని అవెడిస్ డొనబేడియన్ 1966లో ఇచ్చారు. బేరూత్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన వైద్యుడాయన. ఆయన లెక్క ప్రకారం కొలవదగినవి మూడు. ఒకటి సదుపాయం: భవనాలు, పరికరాలు, సిబ్బంది, మందులు. రెండోది పనితీరు: రోగికి జరగవలసినది జరిగిందా. మూడోది ఫలితం: రోగి కోలుకున్నాడా, బతికాడా.

సదుపాయాన్ని లెక్కపెట్టడం సులువు. ఫలితాన్ని కొలవడం కష్టం, ఆలస్యం కూడా. అందుకే ప్రభుత్వ నివేదికలు మొదటి అంతస్తులోనే ఆగిపోతుంటాయి. మొదటి అంతస్తు నుంచి మూడోదానికి మెట్లున్నాయని అందరూ అనుకుంటారు గానీ, ఆ మెట్లు కొన్నిచోట్ల విరిగి ఉంటాయి.

భారతదేశంలో 2005లో మొదలైన జననీ సురక్షా యోజన ఇందుకు మంచి ఉదాహరణ. ఆసుపత్రిలో ప్రసవించిన పేద తల్లులకు నగదు ఇచ్చే పథకం ఇది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆసుపత్రి కాన్పులు దాదాపు 39 శాతం. 2015-16 సర్వే నాటికి 79 శాతం. పదేళ్లలో రెట్టింపు. కాన్పు ఇంటి నుంచి ఆసుపత్రికి మారిందనడంలో ఎవరికీ సందేహం లేదు. తగవు ఆ తరువాతి మెట్టు దగ్గర వచ్చింది. నవజాత శిశువుల మరణాలు పథకం వల్ల తగ్గాయని 2010లో ఒక విశ్లేషణ చెప్పింది. వేరే పద్ధతిలో లెక్కవేసిన మరో విశ్లేషణ, తగ్గాయనడానికి గట్టి ఆధారం దొరకలేదంది. తల్లి ఆసుపత్రి గడప దాటడం ఒక సంగతి. దాటాక లోపల నిపుణురాలైన నర్సు, రక్తం, అవసరమైతే శస్త్రచికిత్స సిద్ధంగా ఉండడం వేరే సంగతి. నగదు మొదటిదాన్ని మార్చగలదు. రెండోదాన్ని మార్చడం నగదు చేతిలో లేదు.

కామ్‌డెన్‌లో తగ్గిన చేరికలు, పోలికలో తేలిన నిజం

పథకానికి ముందు ఎలా ఉంది, తరువాత ఎలా ఉంది అని చూడడం అన్నిటికంటే సహజమైన పోలిక. మోసం చేయడంలోనూ దానిదే మొదటి స్థానం.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో కామ్‌డెన్ అనే పేద నగరం ఉంది. మాటిమాటికీ ఆసుపత్రిలో చేరే కొద్దిమంది రోగులకే వైద్య ఖర్చులో పెద్ద వాటా పోతోందని అక్కడి వైద్యులు గమనించారు. అలాంటివారిని గుర్తించి, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లాక నర్సులు, సామాజిక కార్యకర్తలు వెంట ఉండి మందులు సరిచూసి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లే కార్యక్రమం పెట్టారు. ఆలోచనలో తప్పు వెతకడం కష్టం. కార్యక్రమంలో చేరాక రోగుల ఆసుపత్రి చేరికలు గణనీయంగా తగ్గాయి కూడా. దేశమంతా దాన్ని ఆదర్శంగా చెప్పుకుంది.

ఆ సంస్థ మెచ్చుకోదగిన పని ఒకటి చేసింది: తన కార్యక్రమాన్ని కఠినమైన పరీక్షకు తానే ఒప్పుకుంది. 800 మంది రోగులను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందికి ఈ సేవ, మిగిలినవారికి మామూలు వైద్యం అందేలా చూశారు. 2020 జనవరిలో ఫలితం వచ్చింది. ఆరు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు సేవ పొందిన బృందంలో 62.3 శాతం, పొందని బృందంలో 61.7 శాతం. తేడా లేనట్టే.

మరి ముందు కనిపించిన తగ్గుదల మాట? అది నిజమే. కానీ సేవ అందని బృందంలోనూ చేరికలు అలాగే తగ్గాయి. రోగులను ఎంచుకున్న తీరులోనే దీనికి కారణం ఉంది. గడిచిన ఆరు నెలల్లో కనీసం రెండుసార్లు ఆసుపత్రిలో చేరినవారిని తీసుకున్నారు. అంటే వారి జబ్బు శిఖరాన ఉన్న సమయంలో పట్టుకున్నారు. శిఖరం మీద ఉన్నవారు ఏమీ చేయకపోయినా కొంత కిందికి దిగుతారు. జ్వరం 104 డిగ్రీలున్నప్పుడు తాయెత్తు కడితే మర్నాటికి జ్వరం తగ్గినట్టే ఇదీను. గణాంకశాస్త్రంలో దీన్ని సగటుకు మరలడం అంటారు. అత్యధిక ఖర్చు, అత్యధిక మరణాలు, అత్యంత వెనుకబాటు ఉన్నచోటును ఎంచుకుని మొదలుపెట్టే ప్రతి పథకానికీ ఈ గాలివాటు మేలు ఉచితంగా దక్కుతుంది.

ఈ ఫలితాన్ని కార్యక్రమం దండగ అని చదివినవారున్నారు. నిర్వాహకులు వేరే అర్థం చెప్పారు: ఉండడానికి ఇల్లు, వ్యసనానికి చికిత్స దొరకని ఊళ్లో రోగిని చేయి పట్టుకుని తీసుకెళ్లడానికి చోటే లేకపోతే తోడు ఏం చేస్తుంది అని. ఆరు నెలల్లో మళ్లీ చేరారా లేదా అన్న ఒక్క ప్రశ్న రోగి జీవితంలోని మార్పునంతా పట్టలేదన్న వాదన కూడా ఉంది. రెండూ కొట్టిపారేయదగినవి కావు. అయినా, చేరికలు తగ్గించిందన్న పాత వాదం మాత్రం నిలవలేదు.

లాటరీ కుదరనప్పుడు: తేడాల్లోని తేడా

లాటరీ వేసి సగం మందికి ఇవ్వడం అన్నిచోట్లా కుదరదు. చట్టం ఒక రోజున దేశమంతా అమలవుతుంది; కొందరిని ఆపడం న్యాయం కాకపోవచ్చు. అప్పుడు పరిశోధకులు వాడే ఉపాయాల్లో ముఖ్యమైనది రెండు ప్రాంతాల తేడాలను పోల్చడం. ఊహాజనితమైన అంకెలతో చూద్దాం.

ఒక ప్రాంతంలో శిశు ఆరోగ్య పథకం పెట్టారు. మూడేళ్లలో అక్కడ ప్రతి వెయ్యి జననాలకు శిశు మరణాలు 48 నుంచి 36కు వచ్చాయి. పన్నెండు తగ్గాయి. పథకం లేని పొరుగు ప్రాంతంలో అదే కాలంలో 44 నుంచి 38కి వచ్చాయి. ఆరు తగ్గాయి. పథకం లేకున్నా ఆరు తగ్గేవే కాబట్టి పథకం పేరున రాయదగినది పన్నెండు కాదు, ఆరు.

ఇక్కడితో ఆగితే తొందరపడినట్టే. పథకం లేకపోతే రెండు ప్రాంతాలూ ఒకే వేగంతో నడిచేవన్న నమ్మకం మీద ఈ లెక్క నిలబడి ఉంది. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి పథకానికి ముందు మూడేళ్ల అంకెలు తీశారనుకుందాం. మొదటి ప్రాంతం 54 నుంచి 48కి వచ్చింది, ఆరు తగ్గుదల. రెండోది 47 నుంచి 44కు, మూడు తగ్గుదల. పథకం రాకముందే మొదటి ప్రాంతం మూడు అడుగులు ఎక్కువ వేస్తోంది. ఆ మూడూ తీసేస్తే పథకానికి మిగిలేది మూడు. పన్నెండుతో మొదలైన కథ మూడు దగ్గర తేలింది. పథకం వ్యర్థమని దీని అర్థం కాదు. వెయ్యికి ముగ్గురు బిడ్డలు బతకడం చిన్న విషయం కాదు. కాకపోతే మంత్రి ప్రకటనలో ఉండేది పన్నెండు, పరిశోధనా పత్రంలో ఉండేది మూడు. ఈ రెంటి మధ్య దూరాన్ని చూసి జనం ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకుంటారు.

తపాలాలో వచ్చిన దరఖాస్తు: ఓరెగాన్ కథ

మొదట చెప్పిన 2013 అధ్యయనానికి ఇప్పుడు వెళ్దాం. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 2008లో పేదల ఆరోగ్య బీమాలో కొద్దిమందిని కొత్తగా చేర్చుకోగల స్థితిలో ఉంది. పేర్లు నమోదు చేసుకున్నవారు దాదాపు 90 వేలు. అందరికీ సరిపడా డబ్బు లేదు. ఎవరికివ్వాలో తేల్చుకోలేక లాటరీ తీశారు. పరిశోధకులకు కావలసింది అప్పనంగా దొరికింది: అన్నివిధాలా ఒకేలాంటి రెండు గుంపులు, తేడా అదృష్టం ఒక్కటే.

లాటరీలో పేరు వస్తే బీమా వచ్చినట్టు కాదు. ఇంటికి తపాలాలో దరఖాస్తు వస్తుంది. 45 రోజుల్లో నింపి, ఆదాయానికి రుజువులు జతచేసి పంపాలి. పేరు వచ్చినవారిలో దరఖాస్తు తిప్పి పంపినవారు 60 శాతం దాకా ఉంటే, అందులో సగం మందే అర్హులని తేలారు. చివరికి బీమా చేతికందినవారు పేరు వచ్చినవారిలో మూడో వంతుకు లోపే. ఉచితంగా ఇస్తామన్నది కూడా కాగితాల దారిలో ఇంతగా కారిపోతుంది. పథకాల రూపకల్పనలో ఉన్నవారు ఈ ఒక్క అంకె దగ్గర కాసేపు ఆగడం మంచిది.

ఈ కారుడు లెక్కను కూడా మారుస్తుంది. పేరు వచ్చినవారందరినీ రానివారితో పోలిస్తే, అందులో బీమా అసలు అందనివారే ఎక్కువ కాబట్టి ప్రభావం పలచబడి కనిపిస్తుంది. లాటరీ వల్ల అదనంగా బీమా దక్కింది నాలుగో వంతు మందికేననుకుంటే, మొత్తం గుంపులో కనిపించిన 2 శాతం మార్పు నిజంగా బీమా దక్కినవారి విషయంలో 8 శాతం మార్పు అవుతుంది. రెండు అంకెలూ సరైనవే. పథకం ప్రకటిస్తే సమాజంలో ఏం జరుగుతుందో మొదటిది చెబుతుంది. బీమా చేతికందితే ఏం జరుగుతుందో రెండోది చెబుతుంది.

ఫలితాలకు వద్దాం. 12 వేల మందికి పైగా మనుషులను స్వయంగా కలిసి రక్తపోటు కొలిచి, రక్తపు చుక్క తీసి చూశారు. రక్తపోటు, కొలెస్ట్రాల్, మధుమేహాన్ని చూపే గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్: మూడింటిలోనూ గణాంకపరంగా చెప్పుకోదగిన మార్పు లేదు. కుంగుబాటు లక్షణాలున్నవారు దాదాపు 30 శాతం నుంచి 21 శాతానికి తగ్గారు. ఆదాయంలో 30 శాతానికి మించి వైద్యానికి ఖర్చు పెట్టవలసి వచ్చే దుస్థితి దాదాపు కనుమరుగైంది. మధుమేహం ఉందని కొత్తగా తెలుసుకుని మందులు మొదలుపెట్టినవారు పెరిగారు. మరుసటి ఏడాది వచ్చిన మరో పత్రం, బీమా ఉన్నవారు అత్యవసర విభాగానికి వెళ్లడం దాదాపు 40 శాతం పెరిగిందని చెప్పింది. బీమా ఇస్తే జనం మామూలు డాక్టరు దగ్గరికి వెళ్తారు, అత్యవసర విభాగాల మీద భారం తగ్గుతుంది అన్న అంచనా తలకిందులైంది.

బీమా పని శరీరాన్ని బాగుచేయడం అనుకున్నవారికి ఇది వైఫల్యం. జబ్బు చేసినప్పుడు కుటుంబం అప్పులపాలు కాకుండా చూడడమే బీమా పని అనుకున్నవారికి ఇది విజయం. ఇంకో చిక్కు కూడా ఉంది. మార్పు కనిపించలేదు అనడం వేరు, మార్పు లేదని రుజువైంది అనడం వేరు. పరీక్షించినవారిలో మధుమేహం అదుపు తప్పి ఉన్నవారు నూటికి ఐదుగురే. అంత కొద్దిమందిలో ఓ మోస్తరు మేలు జరిగినా పట్టుకునే శక్తి ఆ అధ్యయనానికి లేదన్నది ఒక వాదన. అంత పెద్ద అధ్యయనానికే దొరకని మేలు కోసం అంత ఖర్చు ఎందుకన్నది ఎదుటి వాదన. నాకు మొదటిదే బలమైనదిగా తోస్తుంది, కానీ రెండోదాన్ని అడగకుండా ఏ ఖజానా నడవదు.

మనిషి ఆయువు పెరగలేదు, అంకె పెరిగింది

క్యాన్సర్‌ను ముందుగా పట్టే స్క్రీనింగ్ పథకాలు తమ గొప్పను ఐదేళ్లు బతికినవారి శాతంతో చెప్పుకుంటాయి. ఈ కొలమానం ఎంత జారుడుగా ఉంటుందో ఒక మనిషిని ఊహించుకుంటే తెలుస్తుంది. ఆయన 70వ ఏట ఒక క్యాన్సర్‌తో చనిపోతాడు. 67వ ఏట లక్షణాలు కనిపించి జబ్బు బయటపడింది. మూడేళ్లు బతికాడు కాబట్టి ఐదేళ్ల లెక్కలో ఆయన ఓడినవాడు. ఇప్పుడు స్క్రీనింగ్ వచ్చి 63వ ఏటే జబ్బును పట్టుకుంది, కానీ చికిత్స దాన్ని ఆపలేకపోయింది. ఆయన అదే 70వ ఏట చనిపోయాడు. ఏడేళ్లు బతికాడు కాబట్టి ఈసారి గెలిచినవాడు. ఆయువు ఒక్కరోజు పెరగలేదు. రోగినన్న భయంతో గడిపిన ఏళ్లు మాత్రం నాలుగు పెరిగాయి.

దక్షిణ కొరియాలో ఇంకో రకం చిక్కు బయటపడింది. 1999 నుంచి అక్కడ జాతీయ క్యాన్సర్ స్క్రీనింగ్ ఉంది. థైరాయిడ్ అందులో భాగం కాదు గానీ, ఎలాగూ వచ్చారు కదా అని కొద్దిపాటి రుసుముతో థైరాయిడ్ స్కాన్ కూడా చేయడం మొదలైంది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్‌తో మరణాలు ఉన్నచోటే ఉన్నాయి. కొత్తగా దొరికినవాటిలో చాలావరకు జీవితాంతం హాని చేయని చిన్న గడ్డలు. వాటిని పట్టుకుని గ్రంథి తీయించుకున్నవారు జీవితాంతం మాత్ర వేసుకోవాలి. కొందరికి కాల్షియం సమస్య, కొందరికి గొంతు దెబ్బతినడం. హాని చేయని క్యాన్సర్‌ను ఎంత ఎక్కువ పట్టుకుంటే బతికినవారి శాతం అంత గొప్పగా కనిపిస్తుంది. అందుకే స్క్రీనింగ్‌ను తూచేవారు బతికిన శాతాన్ని పక్కనపెట్టి, మొత్తం జనాభాలో ఆ జబ్బుతో ఎంతమంది చనిపోతున్నారన్నదే చూస్తారు.

మూడు గంటల యాభై నిమిషాలకు ఏం జరిగింది

ఇంగ్లండ్‌లో అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని నాలుగు గంటల్లోగా చేర్చుకోవడమో, ఇంటికి పంపడమో, వేరే చోటికి తరలించడమో జరగాలని నియమం పెట్టారు. మొదట 98 శాతం మందికి ఇది జరగాలన్నారు. 2010లో 95 శాతానికి తగ్గించారు. రోగులు ఎంతసేపటికి బయటపడ్డారో గీత గీస్తే విచిత్రమైన బొమ్మ వచ్చింది. గీత మెల్లగా నడుస్తూ నాలుగో గంట అంచున, చివరి కొద్ది నిమిషాల్లో, నిట్టనిలువుగా లేచి మళ్లీ కూలింది. గడియారం మూడు గంటల యాభై నిమిషాలు చూపిస్తుంటే సిబ్బంది ఎటో ఒకటి తేల్చేస్తున్నారన్నమాట. పరీక్షలు పూర్తి కాకుండానే వార్డుకు పంపేవారున్నారు. రోగిని లోపలికి తీసుకుంటే గడియారం మొదలవుతుందని అంబులెన్సును బయటే ఆపిన సందర్భాలూ వార్తల్లోకి వచ్చాయి.

కొలమానాన్ని లక్ష్యం చేస్తే అది కొలమానంగా పాడవుతుందనే మాటకు దీన్ని ఉదాహరణగా చూపడం మామూలే. కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఆ నియమం వర్తించిన రోగులను ఆర్థికవేత్తలు జాగ్రత్తగా పరిశీలిస్తే, వేచి ఉండే సమయం తగ్గడం వల్ల వారిలో నెల రోజుల్లోపు మరణాలు తగ్గినట్టు తేలింది. గడియారాన్ని మభ్యపెట్టే తంటాలు పడుతూనే ఆసుపత్రులు కొన్ని ప్రాణాలు కాపాడాయి. అంకెల గారడీ జరిగిందనడం, పథకం పనిచేయలేదనడం ఒకటి కావు.

సగటు దాచేది

ఒక టీకా పథకం వల్ల టీకా అందిన పిల్లలు 60 శాతం నుంచి 70 శాతానికి పెరిగారనుకుందాం. జనాభాను సంపన్నులు, పేదలు అని సరిసమానంగా రెండుగా చేస్తే, సంపన్నుల్లో 80 నుంచి 98కి, పేదల్లో 40 నుంచి 42కు పెరిగి కూడా సగటు 70 రావచ్చు. బ్రిటన్‌లో పేద గనికార్మికుల మధ్య పనిచేసిన వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే దీన్ని సూత్రంగా చెప్పారు: మంచి వైద్యం దాని అవసరం ఎక్కువున్నచోటే తక్కువగా దొరుకుతుంది. బ్రెజిల్ పరిశోధకుడు సెజార్ విక్టోరా 2000లో దీనికి కాలాన్ని జోడించారు. కొత్త వైద్య సదుపాయం మొదట సంపన్నులకు చేరుతుంది కాబట్టి తొలి ఏళ్లలో అసమానత పెరిగి, పేదలకు చేరుతున్నకొద్దీ తగ్గుతుందన్నారు. కాబట్టి ఒకే పథకాన్ని మూడో ఏట కొలిస్తే అన్యాయంగా, పదో ఏట కొలిస్తే న్యాయంగా కనిపించవచ్చు.

సగటు కన్నా నేర్పుగా మోసం చేసే కొలమానం ఇంకొకటుంది. ఇంటి ఖర్చులో పది శాతానికి మించి సొంత జేబు నుంచి వైద్యానికి పెట్టవలసి వచ్చిన కుటుంబాలెన్ని అన్నది అందరికీ వైద్యం అనే లక్ష్యానికి చాలాకాలం వాడిన కొలత. ఒక ఇంట్లో తల్లి మోకాలి నొప్పికి వైద్యం చేయించి పన్నెండు శాతం ఖర్చు పెట్టారు. పక్కింట్లో తల్లికీ అదే నొప్పి. డబ్బు లేక డాక్టరు గుమ్మం తొక్కలేదు. ఖర్చు సున్నా. లెక్కలో మొదటి ఇల్లు దెబ్బతిన్నది, రెండోది భద్రంగా ఉన్నది. కొత్త ఆసుపత్రి వచ్చి రెండో ఇల్లు కూడా వైద్యం చేయించుకుంటే ఈ సూచిక మరింత దిగజారుతుంది. అందుకే దీన్ని ఒంటరిగా చదవకూడదు; వైద్యం ఎందరికి అందుతోంది అన్న అంకెను పక్కన పెట్టుకునే చదవాలి.

ఒక ఏడాది ప్రాణానికి ధర కట్టడం

డబ్బు పరిమితమైనప్పుడు ఏ చికిత్సకు ఇవ్వాలి అన్న ప్రశ్న తప్పదు. ఇంగ్లండ్‌లో నైస్ అనే సంస్థ దీనికి క్వాలీ అనే కొలత వాడుతుంది. పూర్తి ఆరోగ్యంతో గడిపిన ఏడాది ఒక క్వాలీ. బాధతో గడిపిన ఏడాదికి ఒకటి కన్నా తక్కువ. పాత చికిత్సతో రోగి నాలుగేళ్లు సగం ఆరోగ్యంతో బతికితే రెండు క్వాలీలు. కొత్త మందుతో ఐదేళ్లు 0.7 ఆరోగ్యంతో బతికితే మూడున్నర. లాభం ఒకటిన్నర. కొత్త మందుకు అదనంగా 36 వేల పౌండ్లయితే, క్వాలీకి 24 వేలు. నైస్ చాలాకాలం పాటించిన గీత 20 వేల నుంచి 30 వేల పౌండ్లు. ఈ మందు గట్టెక్కే అవకాశం ఉంది.

వైకల్యంతో ఉన్న మనిషి ప్రాణాన్ని ఒక ఏడాది పొడిగిస్తే ఈ లెక్కలో అది తక్కువ క్వాలీలుగా పడుతుంది. ఆ మనిషి ఏడాది విలువ తక్కువా అన్నది వికలాంగుల హక్కుల సంఘాల ప్రశ్న. అమెరికా 2010 ఆరోగ్య చట్టంలో వృద్ధుల బీమా ఇలాంటి గీతను వాడకుండా అడ్డుకట్ట వేసింది. లెక్కను సమర్థించేవారి జవాబు కూడా సూటిగానే ఉంటుంది: ధర కట్టనంటే ధర పోదు, కనబడకుండా పోతుందంతే, ఒక ఖరీదైన మందుకిచ్చిన సొమ్ము పేరు తెలియని ఇంకెవరి చికిత్సలోంచో తీసిందే.

దేశాలకు ర్యాంకులు వేసిన ఏడాది

2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 191 దేశాల ఆరోగ్య వ్యవస్థలకు ర్యాంకులు ఇచ్చింది. ఫ్రాన్స్ 1, అమెరికా 37. ఆ 37 ఇప్పటికీ ఉపన్యాసాల్లో వినిపిస్తుంది. దాని లోపల ఏముందో తక్కువమంది చూశారు. రోగుల అవసరాలకు స్పందించడంలో అమెరికా మొదటి స్థానం. ఖర్చు భారాన్ని న్యాయంగా పంచడంలో 54-55 స్థానాలు. అక్కడ మొదటిది కొలంబియా. ఆరోగ్య స్థాయి, దాని పంపిణీ, స్పందన, స్పందన పంపిణీ, ఆర్థిక న్యాయం అనే ఐదింటికి వేర్వేరు బరువులిచ్చి కలిపితే ఒక అంకె వచ్చింది. బరువులు మారిస్తే వరుస మారుతుంది. పైగా చాలా దేశాలకు నేరుగా సేకరించిన సమాచారం లేక అంచనాలతో నింపారు. విమర్శలు ఎంత పెరిగాయంటే సంస్థ అలాంటి మొత్తం ర్యాంకులు మళ్లీ వేయలేదు. ఆ పట్టిక వల్ల మేలూ జరిగింది: ఆరోగ్య వ్యవస్థ అంటే ఆయుర్దాయం ఒక్కటే కాదని, డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందన్నది కూడా అందులో భాగమేనని అది అందరి నోటా పలికించింది.

గాంబియాలో తొలి టీకా, తుది జవాబు

కొన్ని పథకాల ఫలితం తేలడానికి ఒక తరం పడుతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో 1986లో పసిపిల్లలకు హెపటైటిస్-బి టీకా ఇవ్వడం మొదలైంది. ఆ వైరస్ శరీరంలో తిష్ఠవేసినవారిలో కొందరికి చాలా ఏళ్ల తరువాత కాలేయ క్యాన్సర్ వస్తుంది. దేశమంతటికీ ఒకేసారి ఇవ్వడానికి వీలు లేకపోయింది కనుక, దేశాన్ని 17 ప్రాంతాలుగా చేసి నాలుగేళ్లలో ఒక్కొక్క ప్రాంతానికీ వరుసగా విస్తరించారు. ఏది ముందన్నది లాటరీతో తేల్చారు. ముందు అందిన ప్రాంతాల పిల్లలను ఇంకా అందని ప్రాంతాల పిల్లలతో పోల్చవచ్చు, చివరికి ఎవరూ టీకా లేకుండా మిగిలిపోరు. లాటరీ అన్యాయం అన్న అభ్యంతరానికి దొరికిన మంచి జవాబుల్లో ఇదొకటి.

కాలేయ క్యాన్సర్ తగ్గిందా అన్న అసలు ప్రశ్నకు జవాబు కోసం 30 నుంచి 40 ఏళ్లు ఆగాలని మొదలుపెట్టిన రోజే వారికి తెలుసు. అందుకని దేశవ్యాప్తంగా క్యాన్సర్ రిజిస్టర్ తెరిచి, ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా కేసులు నమోదు చేస్తూ వచ్చారు. ప్రపంచం అంతకాలం ఆగలేదు. టీకా వేసుకున్న పిల్లల్లో వైరస్ సోకడం, శరీరంలో తిష్ఠవేయడం తగ్గుతోందని మధ్యలోనే కనిపించింది. క్యాన్సర్‌కు ముందు మెట్టు అదే. ఆ పిల్లల్లో పెద్దవాళ్లకు ఆరేళ్లు నిండే 1992లోనే, అన్ని దేశాలూ ఈ టీకాను తమ జాతీయ కార్యక్రమాల్లో చేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సభ సిఫారసు చేసింది. గాంబియా రిజిస్టర్‌లో ఆ పిల్లల పేరున కాలేయ క్యాన్సర్ కేసులు రావడం, లేదా రాకపోవడం, ఇంకా కొన్ని దశాబ్దాల దూరంలో ఉన్న రోజులవి.